సంతకం ఎవరు పెట్టాలి? గోదావరి గూడేల్లో టీకా యాత్ర

సోమవారం, కొత్తగూడెం

సికింద్రాబాద్‌లో రాత్రి ఎక్కిన రైలు తెల్లారకముందే ఇక్కడ దింపుతుంది. స్టేషన్ బోర్డు మీద భద్రాచలం రోడ్ అని ఉంటుంది గానీ రాముడి గుడికి ఇంకా 40 కిలోమీటర్లు ఉంది. బొగ్గు లారీల మధ్య నుంచి ఊళ్ళోకి వెళ్ళాక మొదటి పని జిల్లా వైద్య ఆరోగ్యశాఖ కార్యాలయంలో. టీకా నిల్వ ఎంత ఉంది, ఏ ఊరికి ఏ రోజు టీకా బృందం వెళ్తోంది, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ఏ వయసు పిల్లలకు ఎన్ని డోసులు వేయమని ఆ వేళకు అమల్లో ఉన్న ఉత్తర్వు చెబుతోంది: ఈ మూడూ కాగితం మీద చూసుకున్నాకే కదలాలి. నిరుడు చెప్పినదాన్నే ఈసారీ గూడెంలో చెప్పి, తీరా నర్సమ్మ దగ్గర ఇంకో మాట వినబడితే ఆ ఊళ్ళో మన మాట పోయినట్టే.

ఇక్కడ హెచ్‌పీవీ పేరెత్తేవాళ్ళు 2009 సంగతి తెలుసుకొని ఉండాలి. ఆ ఏడాది జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), రాష్ట్ర ప్రభుత్వం కలిసి 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గార్డసిల్ అనే హెచ్‌పీవీ టీకా మొదలుపెట్టాయి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో సెర్వారిక్స్ అనే మరో హెచ్‌పీవీ టీకా వేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో అంతా ఆగిపోయింది. చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఒక పిల్ల క్వారీ గుంటలో మునిగిపోయింది, ఒకరిని పాము కాటేసింది, ఇద్దరు పురుగుల మందు తాగారు, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలకపోయినా టీకాతో ముడి కనబడలేదు.

తేలిన తప్పు మరొకటి. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుబట్టింది. అప్పుడు సూది వేయించుకున్న పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళు దాటిన తల్లులు. రేపు గూడెంలో మన ఎదురుగా చాప మీద కూర్చునేది వాళ్ళూ, వాళ్ళ అక్కచెల్లెళ్ళే. ఈ యాత్రలో ప్రతి చోటా అసలు ప్రశ్న టీకా మంచిదా కాదా అన్నది కాదు, మమ్మల్ని అడిగారా లేదా అన్నదే.

సాయంత్రం సంచి సర్దుకోవాలి. పెద్ద అక్షరాల బొమ్మల చార్టు, గర్భసంచి నమూనా (గుడ్డతో కుట్టిందైనా చాలు, ముఖద్వారం ఎక్కడుందో వేలితో చూపించేట్టు ఉండాలి), అంగీకార పత్రాలు తెలుగులో, తెల్లని వెలుగు టార్చి రెండు, గాజు గుడ్డ (గాయాలకు కట్టే పలుచని గుడ్డ), గ్లౌజులు, చెక్క పుల్లలు, రిఫరల్ పుస్తకం. కరపత్రాలు తక్కువ చాలు. చదివేవాళ్ళు తక్కువ, పొయ్యి రాజేసేవాళ్ళు ఎక్కువ.

మంగళవారం, దుమ్ముగూడెం వైపు

సారపాక కాగితం మిల్లు దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలంలోకి, అక్కడి నుంచి పర్ణశాల దారిలో దుమ్ముగూడెం. మిర్చి ఏరే కాలం. పొద్దున ఆరింటికే ఆడవాళ్ళంతా ట్రాలీ ఆటోల్లో చేలకు పోతారు, దీపాలు పెట్టే వేళకు గానీ తిరిగిరారు. పగలు పదకొండింటికి మీటింగ్ పెడితే వచ్చేది ముసలివాళ్ళూ, బడి ఎగ్గొట్టిన పిల్లలూ. ఇప్పపూల కాలంలో ఇంకో చిక్కు: చీకటితోనే అడవికి పోయి, పది దాటాక వస్తారు. తునికాకు కాలంలో ఇంకోలా ఉంటుంది. కాబట్టి మీటింగ్ వేళను ఆశా కార్యకర్త చెప్పాలి, మన డైరీ కాదు. ఈ కాలంలో రాత్రి ఏడున్నర సరైన వేళ.

ముందు గూడెం పెద్దకు చెప్పాలి. చెప్పడమంటే అనుమతి అడగడమే గానీ, నిర్ణయం ఆయనకు అప్పజెప్పడం కాదు. ఆయన ఒప్పుకున్నంత మాత్రాన తల్లులు ఒప్పుకున్నట్టు లెక్క వేస్తేనే 2009 మళ్ళీ మొదలవుతుంది. మీటింగ్‌కు పాతికమంది మించితే ఎవరూ ప్రశ్న అడగరు. నలభై మంది వస్తే రెండు గుంపులు చేయడం మేలు. ఆశా కోయ మాట్లాడేదైతే ఆమే చెప్పాలి, మనం పక్కన కూర్చోవాలి. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడ్డ గుత్తికోయల ఆవాసాలకు తెలుగు అంతగా నడవదు. అక్కడ వాళ్ళ మనిషి ఒకరు తోడు లేకుండా వెళ్ళడం దండగ.

చెప్పాల్సిన విషయం పావుగంటలో అయిపోవాలి. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్‌కు కారణం దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ అనే వైరస్. కలయిక వల్ల అంటుతుంది. పెళ్ళయినవాళ్ళలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, ఎక్కువమందిలో ఏడాది, రెండేళ్ళలో దానంతటదే పోతుంది. పోకుండా ఉండిపోయిన కొద్దిమందిలో పదిహేను, ఇరవై ఏళ్ళకు క్యాన్సర్ అవుతుంది. మన దేశంలో 2022 లెక్కల ప్రకారం ఏటా లక్షా 27 వేల కొత్త కేసులు, దాదాపు 80 వేల చావులు. ఈ క్యాన్సర్లలో పదింట ఏడు 16, 18 అనే రకాల వల్లే వస్తాయి, టీకా ఆపేది వాటినే. వైరస్ సోకకముందే వేయాలి కాబట్టి చిన్న వయసులో వేస్తారు. ఈ వాక్యం దగ్గర ఆగి, అందరికీ అర్థమైందో లేదో చూసుకోవాలి. ఆగకపోతే, 'మా పిల్ల అలాంటిది కాదు' అన్న మాట తరువాత ఏ ఇంటి అరుగు మీదో వస్తుంది.

ఇక ప్రశ్నలు.

'అక్కా, ఇది పిల్లలు పుట్టకుండా చేసే సూదంట గదా?' అన్నది మొదటిది. 'కాదమ్మా' అని ఒక్క మాటతో సరిపెడితే నమ్మరు. ఈ మాట ఎవరన్నారు, ఎక్కడ విన్నారని అడగాలి. గర్భసంచి తీసేసిన ఆపరేషన్లు, కుటుంబ నియంత్రణ క్యాంపులు, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో కలిసి ఉంటాయి. గర్భసంచి నమూనా తీసి, టీకా చేసే పని జబ్బ కండ నుంచి రక్తంలోకి రక్షణ తయారుచేయడమేననీ, అండాశయాన్నీ సంచినీ అది ముట్టదనీ చూపించి చెప్పాలి. 'ముట్టులో ఉంటే వేయచ్చా?' వేయచ్చు. 'గర్భిణికి?' వేయరు, కాన్పయ్యాక చూస్తారు. 'నాకు తెల్లబట్ట అవుతోంది, ఈ సూది వేస్తే తగ్గుద్దా?' తగ్గదు. అది వేరే పరీక్ష, శుక్రవారం రమ్మని పేరు రాసుకోవాలి. ఈ చివరి ప్రశ్న మీటింగ్ అయిపోయి అందరూ లేచాకే, చెప్పుల దగ్గర వస్తుంది. అందుకే చివరగా లేవాలి.

ఎన్ని డోసులన్నదీ అడుగుతారు. గార్డసిల్, మన దేశంలో తయారై 2023 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన సెర్వావాక్ రెండింటికీ, 9–14 ఏళ్ళవారికి ఆరు నెలల తేడాతో రెండు, 15 దాటితే 0, 2, 6 నెలల్లో మూడు అన్నది కంపెనీ చెప్పే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబరు నుంచి 9–20 ఏళ్ళవారికి ఒక్క డోసు ఇచ్చినా చాలంటోంది. హెచ్‌ఐవీ ఉన్నవారికి మాత్రం కనీసం రెండు, వీలైతే మూడు. ఈ ఒక్క డోసు కథలో ఒక విచిత్రముంది. 2010లో ఖమ్మం గొడవతో దేశంలోని హెచ్‌పీవీ టీకా పరిశోధనలన్నీ ఆపేశారు. వేరే కేంద్రాల్లో జరుగుతున్న ఒక పెద్ద పరిశోధనలో అలా మధ్యలో ఆగిపోయి, ఒక్క డోసుతో మిగిలిపోయిన పిల్లలు దాదాపు 5 వేల మంది. వాళ్ళను పదేళ్ళు గమనిస్తే 16, 18 రకాలు శరీరంలో తిష్ఠ వేయకుండా ఒక్క డోసు కూడా రెండు, మూడు డోసులంత గట్టిగా కాపాడినట్టు తేలింది. ప్రపంచం ఇప్పుడు ఒక్క డోసు వైపు మళ్ళిందంటే అందులో మన గొడవకూ వాటా ఉంది.

బుధవారం, సబ్ సెంటర్

బుధ, శనివారాలు టీకా రోజులు. పొద్దున ఎనిమిదింటికి పీహెచ్‌సీలో చల్లపెట్టెల దగ్గరే ఉండాలి. టీకా పాడయ్యేది ఎక్కువగా అక్కడే, అదీ ఎండ వల్ల కాదు, మంచు వల్ల. హెచ్‌పీవీ, హెపటైటిస్ బి, పెంటావలెంట్ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. గడ్డకడితే అందులోని అల్యూమినియం రేణువులు ముద్దలై బలం పోతుంది. సీసా మీది వీవీఎం గుర్తు వేడి తగిలితే రంగు మారుతుంది గానీ గడ్డకట్టిన సంగతి చెప్పదు, చక్కగా తెల్లగా కనబడుతూనే ఉంటుంది.

డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన ఐస్‌ప్యాకులను నేరుగా టీకా క్యారియర్‌లో పెట్టేస్తే ఇదే జరుగుతుంది. నాలుగింటినీ బల్ల మీద ఒకదానికొకటి తగలకుండా పరచాలి. పైన నీటి చెమట పట్టాక ఒక్కోదాన్నీ చెవి దగ్గర పెట్టుకొని ఊపితే లోపల కొద్దిగా నీళ్ళు కదిలిన చప్పుడు రావాలి. అప్పుడు తుడిచి క్యారియర్‌లో నాలుగు వైపులా నిలబెట్టి, సీసాలను జిప్ కవర్‌లో వేసి మధ్యలో పెట్టి, పైన ఫోమ్ ముక్క, మూత. చలికాలంలో నీళ్ళ చప్పుడు రావడానికి అరగంట దాటుతుంది, ఆటో హారన్ కొడుతూనే ఉంటుంది. ఆ అరగంట ఆగని చోట మిగతాదంతా నాటకమే. అనుమానం వస్తే షేక్ టెస్ట్ ఉంది. అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలని గడ్డకట్టించి, కరిగించి, అనుమానమున్న సీసాతో కలిపి ఊపి పక్కపక్కన బల్ల మీద పెట్టాలి. అనుమానపు సీసాలోనూ తెల్లని మడ్డి అంతే త్వరగా అడుక్కి దిగితే అది పనికిరాదు.

సబ్ సెంటర్‌లో రెండు గదులుంటే ఒకటి సూదికి, ఒకటి కూర్చోవడానికి. ఒకటే ఉంటే చీర కట్టి అడ్డుపెట్టాలి. ఆడపిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడమన్నది టీకా మందు వల్ల కాదు. భయం, ఖాళీ కడుపు, ముందు పిల్ల ఏడుపు చూడటం వల్ల. ఒకరు పడితే వరసగా నలుగురు పడతారు. మధ్యాహ్నానికి ఆ మాట నాలుగు ఊళ్ళు దాటుతుంది. అందుకే వచ్చినవాళ్ళకు ముందు ఇడ్లీయో బిస్కెట్టో పెట్టి, వరసలో నిలబెట్టకుండా ఒక్కొక్కరినే పిలిచి, కూర్చోబెట్టే వేయాలి. ఎడమ జబ్బ పై కండలో అర మిల్లీలీటరు, వాడగానే లాక్ అయ్యే సిరంజితో. అయ్యాక అరగంట అక్కడే ఉండాలి. పడిపోయిన పిల్లను పడుకోబెట్టి కాళ్ళు కాస్త ఎత్తి పెడితే రెండు మూడు నిమిషాల్లో తేరుకుంటుంది. తేరుకోకపోతే, ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వస్తే అది వేరే సంగతి, తీవ్రమైన అలర్జీ కావచ్చు. అప్పుడు వేసే అడ్రినలిన్ సూదిమందు ఉన్న పెట్టె నర్సమ్మ చేతికందేలా ఉండాలి, బీరువాలో కాదు.

జ్వరంతో ఉన్న పిల్లకు ఆ రోజు వేయకూడదు. ఈ ప్రాంతంలో జ్వరమంటే ముందు మలేరియా కిట్‌తో రక్తం చూడాలి. నిజానికి 2009 నుంచి నేర్చుకోవలసిన పాఠాల్లో ఇదొకటి. మలేరియా, పాముకాట్లు, పురుగుల మందు ఉన్నచోట వేలమంది పిల్లలకు టీకా వేస్తే, తరువాతి నెలల్లో ఏదో ఒక ఇంట్లో ఏదో ఒక ఆపద వస్తుంది. వచ్చినప్పుడు 24 గంటల్లో మెడికల్ ఆఫీసరుకు తెలియాలి, మనిషి ఇంటికి వెళ్ళాలి. కార్యాలయం నోరు మెదపని ఆ రెండు రోజుల్లోనే పుకారు ముదురుతుంది.

బయల్దేరే ముందు ప్రతి తల్లికీ నాలుగు మాటలు: ఏ టీకా వేశాం, ఏం కావచ్చు (జబ్బ నొప్పి, కొద్దిగా జ్వరం, తలనొప్పి), మళ్ళీ ఎప్పుడు రావాలి లేదా రానక్కర్లేదు, కార్డు జాగ్రత్త. ఇవాళే చంటిపిల్లల టీకాలూ ఉంటాయి. పుట్టిన 24 గంటల్లోపు వేసే హెపటైటిస్ బి డోసు కూడా క్యాన్సర్ టీకాయేనని చాలామందికి తెలియదు. తల్లి నుంచి బిడ్డకు కామెర్ల వైరస్ రాకుండా ఆపితే, పెద్దయ్యాక వచ్చే లివర్ క్యాన్సర్ ఆపినట్టే. ఇంట్లో కాన్పైన పిల్లలకు తప్పిపోయేది సరిగ్గా ఈ డోసే.

గురువారం, ఆశ్రమ పాఠశాల

ఇవాళ సూదులు లేవు. తీసుకురాకూడదు కూడా.

ఆశ్రమ పాఠశాలలో పిల్లలున్నారు, తల్లిదండ్రులు 30, 40 కిలోమీటర్ల దూరాన మిర్చి చేలల్లో ఉన్నారు, టీకా బృందానికి ఒక్క రోజే వీలుంది. వార్డెన్ మంచి మనిషి, 'సంతకం నేను పెడతాలెండి' అంటారు. 2009లో జరిగింది ఇదే, దుర్మార్గం ఏమీ కాదు, తొందర. వార్డెన్ బడిలో సంరక్షకులు కావచ్చు, టీకాకు మాత్రం వారి సంతకం చెల్లదనుకునే పనిచేయాలి.

అసలు దారి నెల పడుతుంది. ముందు పిల్లలకు చెప్పాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లలు, మగ టీచర్లు లేకుండా, ప్రశ్నలు చీటీల మీద రాసి డబ్బాలో వేసేట్టు. చీటీలు లేకపోతే ఒక్కరూ నోరు విప్పరు. చీటీల్లో సగం నెలసరి గురించే ఉంటాయి, వాటికీ జవాబు చెప్పాలి. తరువాత ప్రతి పిల్లతో పత్రం ఇంటికి పంపాలి. పత్రం ఒక్క పేజీ: టీకా పేరు, దేనికి, ఎన్ని డోసులు, ఏం ఇబ్బంది రావచ్చు, వద్దంటే బడిలో ఏ నష్టమూ ఉండదన్న మాట, ఎవరికి ఫోన్ చేయాలో నంబరు. చదవలేని ఇంటికి ఆశా వెళ్ళి చదివి వినిపించాలి; వేలిముద్ర వేయించిన చోట ఆ ఊరి సాక్షి ఒకరు సంతకం చేయాలి. పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రులు వచ్చే ఆదివారాలు, పండగ సెలవుల చివరి రోజు దీనికి బంగారం లాంటివి. గేటు దగ్గర ఒక బల్ల, ఒక నర్సమ్మ ఉంటే సగం పత్రాలు అక్కడే అవుతాయి.

తల్లి ఒప్పుకొని, పిల్ల వద్దంటే? వేయకూడదు. రెండోసారి మాట్లాడచ్చు.

ఇలా చేస్తే మొదటి విడతలో సంఖ్య తక్కువ వస్తుంది, పై అధికారుల సమీక్షలో ప్రశ్నలు వస్తాయి. రానీ. వద్దన్న ఇళ్ళ జాబితాను వేరే పుస్తకంలో రాసి, వేయించుకున్న ఇళ్ళవాళ్ళనే మరోసారి వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళడం కంటే మంచి ప్రచారం మాకింకా కనబడలేదు.

శుక్రవారం, పీహెచ్‌సీలో తల్లుల పరీక్ష

టీకా కూతురికి, పరీక్ష తల్లికి. 30 దాటిన ఆడవాళ్ళకు అయిదేళ్ళకోసారి నోరు, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం మూడూ చూడాలన్నది జాతీయ కార్యక్రమం. ఆశా ముందే ఇంటింటికీ తిరిగి సీబ్యాక్ ఫారం (ఎవరికి ఏ జబ్బు ముప్పు ఉందో అడిగి రాసే కాగితం) నింపి ఉంటే పని సగం అయినట్టే.

ముఖద్వారం పరీక్షకు ఇక్కడ వాడేది వీఐఏ, అంటే ఎసిటిక్ యాసిడ్ అద్ది తెల్ల మచ్చ వస్తుందేమో కంటితో చూడటం. 5 శాతం ఎసిటిక్ యాసిడ్ కావాలి: 5 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్‌ను 95 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్‌లో పోయాలి, ఏ రోజుది ఆ రోజే కలపాలి. యాసిడ్‌ను నీటిలో పోయాలి, నీటిని యాసిడ్‌లో కాదు. లెక్క తప్పి చిక్కనైతే మంట, పలచనైతే మచ్చ కనబడదు. దూదితో అద్ది నిండా ఒక నిమిషం ఆగాలి. ముప్పై మంది బయట ఎదురుచూస్తుంటే ఆ నిమిషం ఇరవై సెకన్లకు కుంచించుకుపోతుంది, అందుకే గోడ గడియారం కావాలి. ముఖద్వారంలో రెండు రకాల చర్మం కలిసే గీత దగ్గర, దాన్ని ఆనుకొని, అంచులు స్పష్టంగా ఉన్న దట్టమైన తెల్ల మచ్చ వస్తే పాజిటివ్. దూరంగా, చెదురుమదురుగా, లేతగా ఉన్నవి కావు. ముట్లుడిగినవారిలో ఆ గీత లోపలికి పోతుంది కాబట్టి ఈ పరీక్ష సరిగా చెప్పలేదు, వాళ్ళకు హెచ్‌పీవీ పరీక్షో, ముఖద్వారం కణాలు తీసి చూసే పాప్ పరీక్షో ఉన్న ఆసుపత్రికి రాయాలి.

ముప్పై మందిని పిలిస్తే ముప్పై స్పెక్యులమ్‌లు (ముఖద్వారం కనబడేలా తెరిచి పట్టే పరికరాలు) ఉండాలి. పది తెచ్చి, మధ్యలో ఉడకబెడుతూ నడిపిద్దామనుకుంటే మధ్యాహ్నానికి ఆడవాళ్ళు లేచి వెళ్ళిపోతారు. కరెంటు పోతుంది, తలకు కట్టుకునే లైటు ఉంచుకోవాలి. బల్ల కాళ్ళ వైపు తలుపుకు ఎదురుగా ఉండకూడదు. ఇంత చిన్న సంగతి వల్ల పరీక్ష వద్దని వెళ్ళిపోయేవాళ్ళున్నారు.

మచ్చ మొత్తం కనబడుతూ, లోపలి దారిలోకి పాకకుండా, ముఖద్వారంలో ముప్పావు వంతుకు మించకుండా ఉంటే, క్యాన్సర్ అనుమానం లేకపోతే, శిక్షణ ఉన్న డాక్టరు అదే రోజు థర్మల్ పరికరంతో వేడి చేసి తీసేయవచ్చు. అర నిమిషం పని. మళ్ళీ రమ్మంటే కొందరు రారు కాబట్టి అదే రోజు చేయడం ముఖ్యం. తరువాత కొన్ని వారాలు నీళ్ళలా అవుతుందని, నెల పాటు కలయిక వద్దని భర్తకు కూడా చెప్పాలి, ఆమె ఒప్పుకుంటేనే.

నోటి పరీక్ష బయట చెట్టు కింద, మగవాళ్ళకూ కలిపి. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పట్టాలి, పట్టకపోతే గుట్కా వల్ల చెంపలు బిగుసుకుపోతున్నట్టు. పెదవి, బుగ్గల లోపల, చిగుళ్ళు, నాలుక పక్కలు, నాలుక కింద, అంగిలి: ఈ వరస తప్పకూడదు. నాలుకను గాజు గుడ్డతో పట్టి పక్కకు లాగి చూడాలి, అక్కడే ఎక్కువగా తప్పిపోతుంది. తుడిస్తే పోని తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, రెండు వారాలైనా మానని పుండు రాసుకోవాల్సినవి. చుట్ట తాగే పెద్దవాళ్ళు ఇక్కడా ఉన్నారు గానీ, ఉత్తరాంధ్ర తీరంలోలా నిప్పు నోట్లో పెట్టుకునే అడ్డపొగ కాదు. శ్రీకాకుళం ప్రాంతంలో పదివేల మందికి పైగా గ్రామస్థుల నోళ్ళు చూసి, అడ్డపొగ తెచ్చే అంగిలి మచ్చల మీద 1971లో వెలువరించిన అధ్యయనం ఇప్పటికీ ప్రపంచమంతా చదివేదే.

శనివారం, భద్రాచలం

ఇవాళ్టి పనికి ప్రచారం అన్న పేరు నప్పదు గానీ అసలు పని ఇదే: నిన్న రాసిన పేర్లు. పాజిటివ్ వచ్చి ఇక్కడ చికిత్స కానివాళ్ళు, నోట్లో మచ్చలున్నవాళ్ళు, రొమ్ములో గడ్డ తగిలినవాళ్ళు. ఏరియా ఆసుపత్రి, కొత్తగూడెం ప్రభుత్వాసుపత్రి, వరంగల్ ఎంజీఎం, చివరికి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 'హైదరాబాద్ పోండి' అని చీటీ రాసిస్తే ఎవరూ పోరు.

చీటీ మీద ఏ గది, ఏ వారం, ఏ డాక్టరు విభాగం అన్నది రాయాలి. ఆధార్, రేషన్ కార్డు జిరాక్సులు మూడేసి పెట్టించాలి, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర మొదట అడిగేవి అవే. ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు 2023 డిసెంబరు నుంచి టికెట్ లేదు, తోడు వచ్చే మగమనిషికి ఉంది. ఆ ఖర్చు దగ్గరే చాలా ప్రయాణాలు ఆగుతాయి. అందుకే తోడుగా చెల్లెలో వదినో రావచ్చా అని ముందే అడగాలి. ఇద్దరు ముగ్గురు ఒకే రోజు వెళ్ళేట్టు కలిపితే ధైర్యంగా వెళ్తారు. మిర్చి కూలి పోయే రోజులు తప్పించి, అమావాస్య తప్పించి తేదీ వేయాలి. అమావాస్య నాడు రమ్మంటే రారు, దాని మీద వాదన అనవసరం.

రిఫరల్ పుస్తకంలో అయిదు గడులు చాలు: పేరు, ఏం కనబడింది, ఎక్కడికి, వెళ్ళిన తేదీ, ఏం చెప్పారు. చివరి రెండు గడులు ఖాళీగా ఉన్న పేర్లకు పదో రోజున ఆశా ఫోన్ చేస్తుంది, ఫోన్ తగలని గూడేలకు వచ్చే బుధవారం టీకా ఆటోలోనే వెళ్తుంది. ఆ ఆటోకు డీజిల్ ఎవరు పోయిస్తారన్నది మాత్రం మెడికల్ ఆఫీసరుతో ఇవాళే తేల్చుకొని, కాగితం మీద రాయించుకోవాలి.